మావ ఉప్పుమడి మీద ఎండ

ఫిలిప్పీన్స్‌లో అగ్నిపర్వతం పేలిన మరుసటి వేసవి, బరంపురం కాలేజీలో మా సారు దగ్గర ఎండ కొలిచే పనిలో చేరాను. ఆ పేలుడు పొగ చాలా పైకెక్కి, సన్నని ఆమ్లపు తుంపరై లోకమంతా పరుచుకుందట. దానివల్ల ఎండ ఎంత తగ్గిందో చూడాలి. కొలతకు పొగా దుమ్మూ లేని బయలు కావాలి. దగ్గర్లోని హుమ్మ ఊళ్ళో మేనమామ ఉప్పుమడి కౌలుకు చేస్తున్నాడు కనుక, నన్ను ఒంటరిగా పంపడానికి అమ్మ ఒప్పుకుంది.

రోజూ బరంపురం లంజిపల్లి నుంచి బస్సులో వెళ్ళి, గట్టు మీద నల్లటి గొట్టాన్ని సూర్యుడి వైపు తిప్పి, ముల్లు నిలిచేదాకా చూసేదాన్ని. ఎవరితోనూ మాట్లాడక్కర్లేని పని. నాకు హాయిగా ఉండేది. మబ్బు లేని మధ్యాహ్నం కూడా ముల్లు సారు కిందటేడు రాసుకున్న అంకెను అందుకునేది కాదు. సూర్యుడి చుట్టూ పాలు ఒలికినట్టు తెల్లగా ఉండేది.

ఆ ఏడు మావ మడిలో ఉప్పు గింజ కట్టడం ఆలస్యమైంది. పక్క మళ్ళవాళ్ళు సన్న ఉప్పే తీసి తక్కువ ధరకి అమ్ముకున్నారు.

“ఏటమ్మీ, నీ గొట్టం ఏటంతంది?” అన్నాడు మావ.

“తిన్నగా పడీ ఎండ బాగా తగ్గింది మావా. సెదిరిన వెలుగు మాత్రం పెరిగింది. మొత్తం మీద తగ్గింది కొంచెమే.”

“తగ్గినట్టా, తగ్గనట్టా?”

“తగ్గినట్టే.”

“అయితే ఉప్పు మడిలోనే ఇంకొన్నాళ్ళు ఉంచాల. గింజ పెరగాల.”

“వాన సంగతి ఇది సెప్పదు మావా.”

“ఏటందీ?” అని మావ అత్తనడిగాడు.

“దీని మాట దీనికే ఇనబడదు. రేపు మొగుడితో ఎలా ఏగుతాదో!” అని అత్త నవ్వింది. సిగ్గుపడుతూనే మళ్ళీ గట్టిగా చెప్పాను.

“వాన సంగతి దేవుడికే తెల్దు, నీకేటి తెలస్తాది” అని మావ కూడా నవ్వాడు.

నాలుగైదు రోజులకు, మధ్యాహ్నం దాటాక పడమటి నుంచి గాలివాన వచ్చింది.

“ఆ డబ్బా వదిలీయే! తట్ట అట్టుకో!” అని మావ అరిచాడు. ముగ్గురం ఉప్పు గోకి గట్టు మీద పోశాం. తాటాకులు కప్పేలోగా గాలి వాటిని ఎత్తుకుపోయింది. గట్టు మీద కుప్పా, మడిలో తెలుపూ మా కళ్ళముందే కరిగి, నీళ్ళే మిగిలాయి.

వాన వెలిసింది. వెంటనే ఎండ కాసింది. మావ గట్టు మీద కూలబడి, “ఇప్పుడు సూడు” అన్నాడు. తడి చేతులతో గొట్టం తిప్పాను.

“పెరిగిందా?”

“కొంచెం. కింద దుమ్ము కడిగీసింది కదా.”

“పై పొగనీ?”

“అంత ఎత్తున వాన పడదు మావా.”

“నా ఉప్పు మీదే పడతాదన్నమాట” అన్నాడు. లేచి, ఆ నీళ్ళు వదిలేయడానికి మడి గట్టు తెగ్గొట్టసాగాడు. నేను గొట్టం విప్పి, దాని స్టాండు మడవడం మొదలుపెట్టాను.