రేడియం జాకెట్లిచ్చిన వ్యాపారి

కరోనా తగ్గిన మరుసటి ఏడు నన్ను స్టీరింగు మీద నుంచి దించి, మా బస్సు డిపోలో సేఫ్టీ ఇన్‌స్ట్రక్టరుగా వేశారు. అంటే డ్రైవర్ల పక్కన కూర్చుని వాళ్ల తప్పులు పట్టే డ్యూటీ. ఏడో తరగతితో బడి మానేసినా, మోటారు వాహనాల చట్టం సొంతంగా చదువుకున్నవాణ్ణి. గుంటూరు-ప్రత్తిపాడు దారిలో మా డ్రైవర్లను భయపెట్టింది లారీలు కాదు, మసక చీకట్లో మిరప చేల నుంచి మళ్లే సైకిళ్లు. అందుకే సెలవు రోజుల్లో తిరిగి, కొందరు రైతులను పోగుచేసి సైకిల్ భద్రతా సంఘం పెట్టాను. వెనక మడ్‌గార్డుకు ఎర్ర స్టిక్కరు అంటించడం, ఎడమ అంచున నడపమని చెప్పడం మా పని. ఏ పార్టీ పంపిందని ఊళ్లో అడిగారు.

వాళ్ల అనుమానం నా మీద, నా అనుమానం వేరే మనిషి మీద. ఒక మిర్చి వ్యాపారి పిలవకుండానే వచ్చి, అందరికీ రేడియం జాకెట్లు పంచాడు. ఆయన ట్రాక్టర్లు లైట్లు లేకుండా తిరగడం నేను బస్సులోంచి చూస్తూనే ఉన్నాను. ముందు వాటికి లైట్లు వేయించమన్నాను. జాకెట్లున్నాయిగా, ఇక భయమేమిటని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. మా ఊరి సాంబయ్య అందరి ముందూ నన్ను దులిపాడు.

"ఏం బావా, అమ్మ అన్నం పెట్టినా నీకు అనుమానమేనా?"

ఆ ఏటి మిరప కోతల్లోనే, చీకటి పడే వేళ, ఆ వ్యాపారి ట్రాక్టరు సాంబయ్య సైకిల్ని వెనక నుంచి గుద్దింది. తొడ ఎముక విరిగింది. నేను స్టేషనుకు వెళ్లేసరికి వ్యాపారి గుమాస్తా ఎస్సై ముందు కూర్చుని, జాకెట్ తొడుక్కోలేదు కాబట్టే కనబడలేదని, తప్పు సాంబయ్యదేనని చెబుతున్నాడు. సాంబయ్య భార్య ఆ జాకెట్ తెచ్చి బల్ల మీద పడేసింది.

"ఆసుపత్రిలో ఒంటి మీద నుంచి కత్తిరించి తీశారండీ. తొడుక్కోకపోతే దీనికి నెత్తురెట్లా అంటింది?"

గుమాస్తా తడుముకోలేదు. అయితే మురికిపట్టి మెరిసి ఉండదన్నాడు.

నేను ఎస్సైని అడిగి, గది తలుపులు మూయించి లైటు ఆర్పించాను. జాకెట్ కనబడలేదు. ఆయన సెల్‌ఫోను లైటు వేయగానే పట్టీలు తెల్లగా మెరిశాయి.

"ఇది దీపం కాదండీ, అద్దం లాంటిది," అన్నాను. "వెలుగు పడితేనే మెరుస్తుంది. ట్రాక్టరు బయటే ఉంది, లైట్లు వేయించి చూడండి."

వేయించారు. ఒక్కటీ వెలగలేదు. లైట్లు లేని బండి నడిపినందుకు డ్రైవరు మీద, దాన్ని రోడ్డు మీద తిప్పించినందుకు యజమాని మీద కేసు రాశారు.

వ్యాపారి జాకెట్లు వెనక్కి అడిగాడు. ఆయనకే కాయలు అమ్ముకునేవాళ్లు సంఘం మానేశారు. మిగిలినవాళ్లం స్టిక్కర్లు ఆపలేదు గానీ, అప్పట్నుంచి సైకిలు కంటే ముందు ట్రాక్టరు లైట్లు చూస్తున్నాం. భద్రతా సామాను ఎవరైనా ఊరికే ఇస్తుంటే, వెనక నుంచి వచ్చే బండి ఎవరిదో ముందు కనుక్కోవాలి.