మా టీచరూ, ఆటోమేటిక్ అనే మాటా

పోయిన శుక్రవారం పొద్దున, వీధిలో పూలమ్మే ఆమె బుట్ట దించుతూ చెప్పింది, మా ఇంగ్లీషు టీచరు ఇక లేరని. రోజూ రెండు మూరలు తీసుకుంటాను, ఒకటి దేవుడికి, ఒకటి టీచరుకు. టీచరు మూరను ఆ రోజు ఆమె పాదాల దగ్గర పెట్టి వచ్చాను.

తమిళనాట ధర్మపురిలో, తమిళ బడిలో చదివిన మాకు ఆమె ఇంగ్లీషును ఇంటి తెలుగులో విప్పి చెప్పేవారు. వస్తువును చూపించకుండా మాట నేర్పేవారు కాదు. ఎలక్ట్రిక్ అనే మాట కోసం పిండిమిల్లుకు తీసుకుపోతే, అందరమూ తెల్లగా తిరిగివచ్చాం. ఇప్పుడు నేను రాస్తున్న ఈ తెలుగు అక్షరాలు కూడా ఆమె వాకిట్లో దిద్దినవే.

కిందటేడు మా గుడికి మోటారుతో మోగే డోలూ గంటలూ వచ్చాయి. హారతికి జేగంట కొట్టడం మా అమ్మ తర్వాత నాకు దక్కిన సేవ. ఇక అది అక్కరలేదన్నారు. ఆ సాయంత్రం టీచరు కూడా గుడిలోనే ఉన్నారు.

"టీచరమ్మా, ఇంక అంతా ఆటోమేటిక్!" అన్నాడు గుడి పెద్దాయన.

"అట్లనా సామీ? స్విచ్చి ఎవురు వేసేది?"

"నేనే."

"మీరు ఊరికి పోతే?"

"పూజారికి చెప్పి పోతాను."

"కరెంటు పోతే?"

ఆయన తల గోక్కుని నన్ను చూపించాడు. "అప్పుడు ఈయమ్మే కొట్టల్ల."

"ఇంతమంది కావల్సినదాన్ని ఆటోమేటిక్ అంటారా? తనంతట తాను జరగల్ల. మీకు మార్కు లేదు పోండి."

అందరూ నవ్వారు. పెద్దాయన వదల్లేదు. "పిలవకుండా దినమూ వచ్చేది ఈయమ్మ. అయితే ఈయమ్మే ఆటోమేటిక్!"

టీచరు నవ్వలేదు. "ఆ మాట యంత్రానికి సరే. ఈమెకు వాడొద్దు. ఈమె మనసు పెట్టి వస్తాది."

యాభై ఏళ్లలో నా గురించి నలుగురిలో ఎవరూ అంత మాట అనలేదు. జేగంట నా చేతిలోనే ఉండిపోయింది. యంత్రం హోరులో దాని మోత నాకే వినిపించేది కాదు. టీచరు మాత్రం నా పక్క స్తంభానికి ఆనుకుని కూర్చుని, "నీది వినపడతా ఉంది పాపా" అనేవారు.

ఆమెను సాగనంపి, గుడి కడిగి తెరిచిన సాయంత్రం, పెద్దాయన స్విచ్చి మీద చెయ్యి పెట్టి, వెనక్కి తీసుకున్నాడు. నా వైపు చూసి తల ఊపాడు. హారతి ముగిసింది. జేగంట మోత మాత్రం ఖాళీగా ఉన్న ఆ స్తంభం దగ్గర ఇంకా కాసేపు నిలిచింది.