నర్సింగం కట్టిన ముడులు

బతుకుతెరువుకు వలస వచ్చి లింబాయత్ నేతవాడలో మగ్గం నడిపే నర్సింగానికి చిందరవందర అంటే పడదు. గడప ముందు చెప్పుల జత వంకరగా ఉన్నా, సర్దందే ఇంట్లో అడుగుపెట్టడు. సెలవు రోజున సందులో వాళ్ల రేడియోలు, మిక్సీలు బాగుచేసినా అదే శ్రద్ధ. ఆ శ్రద్ధే ఒక ఏడాది బతుకమ్మకు అతని కొంప ముంచింది.

కరోనా వచ్చిన ఏడాది అది. గుమిగూడొద్దన్నారు. ఏటా సందులో పెద్దావిడ గంగవ్వ పాట ఎత్తుకుంటే ఆడవాళ్లంతా చుట్టూ తిరుగుతూ అందుకునేవారు. ఈసారి ఎవరి గడపలో వాళ్లు బతుకమ్మను పెట్టుకుని, గంగవ్వ మైకులో పాడితే అక్కడి నుంచే అందుకోవాలని అనుకున్నారు. సందుకంతటికీ ఉన్నది ఒక్కటే పాత యాంప్లిఫయరు. దాని ట్రాన్సిస్టర్లు కాలిపోతే నర్సింగం కొత్తవి వేశాడు. అది పలకకపోతే ఈ ఏడు పాట లేదు. పాట లేని బతుకమ్మ గంగవ్వ దృష్టిలో ఉత్త పూలకుప్ప.

కొత్తవి వేశాకే అసలు గోల మొదలైంది. మళ్లీ కాలిపోకుండా కరెంటుకు అడ్డంగా పెట్టుకున్న బల్బు, లోపల కరెంటు ఎక్కువ లాగుతోందన్నట్టు, మసకగా ఉండాల్సింది పోయి భగ్గున వెలుగుతోంది. మైకు తగిలించకుండానే, ట్రాన్సిస్టర్లు బిగించిన రేకు చెయ్యి పెట్టలేనంత కాలుతోంది. అంటే, పాడేవాళ్లు లేకుండానే యాంప్లిఫయరు తనలో తాను చెవికందని కూత కూస్తోందన్నమాట. పాతవాటికంటే కొత్త ట్రాన్సిస్టర్లు చురుకైనవి, ఈ జబ్బు వాటికి తొందరగా అంటుకుంటుందని అతనికి తెలుసు. ఎక్కడి నుంచి అంటుకుందో తెలియక కెపాసిటర్లు మార్చాడు, అతుకులన్నీ మళ్లీ వేశాడు. తలప్రాణం తోకకొచ్చింది. పండుగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ సాయంత్రం రానే వచ్చింది.

“పొద్దటిసంది గిదే లొల్లి! ఆడ గంగవ్వ పూలు పేర్సుకొని కూసున్నది,” అంది భార్య బాలవ్వ.

“దీని పాడుగాను! ఏం తక్కువ చేసిన్నే దీనికి? వైర్లు సుత ఎంత సక్కగ కట్టిన, సూడు!”

చూపించాడు కూడా. మూత తీసిన పెట్టెలో, మైకు తగిలించే చోటి నుంచి వచ్చే తీగను, స్పీకరు తగిలించే చోటికి పోయే తీగను జతచేసి, మగ్గం దారంతో వేలెడు వేలెడు దూరాన ముడులు వేశాడు. చూపిస్తూనే కసిగా ఆ కట్టను గుంజాడు. దారం పుటుక్కున తెగి, తీగలు ఎడంగా పడ్డాయి. బల్బు మసకబారింది.

నర్సింగం కర్రపుల్లతో రెండు తీగలనూ దగ్గరికి నెట్టి చూశాడు. బల్బు మళ్లీ భగ్గుమంది. బయటికి పోయే కూత పక్క తీగలోంచి తిరిగి లోపలికే దూరుతోంది. పక్కపక్కన కట్టింది ఎవరు? తనే. ఒళ్లు మండిపోయింది. ప్లగ్గు పీకి, ముడులన్నీ కత్తెరతో తెంపి, ఒక తీగను ఈ మూలకు, ఇంకోదాన్ని ఆ మూలకు తోశాడు. మూత పట్టలేదు. అలాగే గంగవ్వ గడపకు మోసుకుపోయాడు.

గంగవ్వ మాస్కు కిందికి లాగి లోపలికి తొంగిచూసింది.

“గిదేందిర గీ పిట్టగూడు? నేతోని చెయ్యేనా గిది?”

“నేతోని చెయ్యి పెడితెనే సచ్చింది పెద్దవ్వా! జర దాన్ని ముట్టకు, పాడు.”

గంగవ్వ పాడింది. సందు చివరి గడప దాకా ఆడవాళ్లు అందుకున్నారు. నర్సింగం మాత్రం ఆ చిక్కుతీగల వైపు చూడలేక, గోడకేసి తిరిగి కూర్చున్నాడు.