అవతలి గట్టు వియ్యం

వాన మొదలైతే ఎవరైనా ఆకాశం వంక చూస్తారు. ఆ రోజుల్లో మా ఊళ్ళో మాత్రం అందరూ అవతలి గట్టు వంక చూసేవాళ్ళు. విజయవాడలో బస్సెక్కి డెల్టాలోకి దిగుతూ పోతే, రోడ్డు వంతెన దాటాక వచ్చే ఊరు మాది. మాకూ ఎదుటి ఊరికీ మధ్య ఒక డ్రెయిను. కాగితాల మీద దానికేదో గంభీరమైన పేరుండేది గానీ, ఒక్కచోటైనా తిన్నగా పారే అలవాటు దానికి లేదు కాబట్టి మేం వంకర డ్రెయిను అనేవాళ్ళం. పైనున్న పొలాల మురుగంతా మోసుకొచ్చి, మా రెండు ఊళ్ళ మధ్య మెలికలు తిరిగి, ఆ వంతెన కింద నుంచి దూరి సముద్రం వైపు పోయేది. పెద్ద వాన పడి పొంగిందంటే ఇటో అటో ఒక గట్టు తెగాల్సిందే. ఇటు తెగితే మేం మునిగేవాళ్ళం, అటు తెగితే వాళ్ళు మునిగేవాళ్ళు. ఒకరు మునిగితే రెండోవాళ్ళు ఆ ఏడాదికి బతికిపోయేవాళ్ళు. ఇంత తేలికైన విషయం కాబట్టే రెండు ఊళ్ళలోనూ చిన్నపిల్లలక్కూడా అర్థమైంది.

అందుకని మాకు గట్టు కాపలా అని ఒక ఆచారం ఉండేది. వానాకాలంలో ఇంటికో మనిషి కర్ర పట్టుకుని గట్టు మీద కూర్చోవాలి. కాపలా నీళ్ళ మీద కాదు, ఎదుటి ఊరి మీద. వాళ్ళు పడవేసుకుని వచ్చి మా గట్టుకి గండి కొడతారని మా భయం, మేం వెళ్ళి కొడతామని వాళ్ళ భయం. నిజంగా కొట్టినవాణ్ణి చూసినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. (మా నాన్నమ్మ చూశానని ఒట్టేసేది. ఆవిడ దయ్యాల్ని కూడా చూసింది.)

మా నాన్న గట్టు కమిటీకి ప్రెసిడెంటు. ఆ పదవికి జీతభత్యాలేమీ లేవు గానీ ఊరి ఖర్చుతో కొన్న పెద్ద నల్ల గొడుగు ఒకటి ఉండేది. అక్కకి సంబంధాలు చూస్తున్న రోజుల్లో, అవతలి గట్టు ప్రెసిడెంటుగారికి పెళ్ళీడు కొడుకున్నాడన్న సంగతి ఎవరికో తట్టింది. "వియ్యంకుడి గట్టుకి ఎవడన్నా గండి కొడతాడంటయ్యా?" అన్నారు మా ఊరి పెద్దలు. అవతల కూడా అచ్చం అదే మాట అనుకున్నారని తర్వాత తెలిసింది. పెళ్ళిచూపులకి వాళ్ళొచ్చినప్పుడు అక్క కాఫీ ట్రేతో వచ్చి నిలబడితే, ఎవరి గట్టు ఎత్తన్న వాదన మంచి రసపట్టులో ఉంది. అక్కని ఎవరూ చూడలేదు. కాఫీ ట్రేలోనే చల్లారింది. చివరికి పెళ్ళికొడుకే తలెత్తి, "అమ్మాయిని కూర్చోమనండి, చేతులు నొప్పెడతాయి" అన్నాడు. ఆ ఒక్క మాటకే అక్క ఒప్పుకుంది. మిగతావాళ్ళందరూ గట్టు కోసం ఒప్పుకున్నారు.

పెళ్ళయితే కాపలా ఆగుతుందనుకున్నాం. ఆగలేదు, మర్యాదగా మారింది. వాన పట్టగానే ఇటు గట్టు మీద నాన్న తన గొడుగేసుకుని, అటు గట్టు మీద అక్క మామగారు తన గొడుగేసుకుని, ఎదురెదురుగా కూర్చునేవాళ్ళు. "బావగారూ, టిఫినైందాండి?" అని నాన్న కేకేస్తే, "అయిందండి బావగారూ. తమరిదో?" అని ఆయన. కాసేపటికి నాన్న, "ఏమనుకోకండి, ఆ తుమ్మచెట్టు దగ్గర మీవాడి చేతిలో పారలాగా కనపడతందండి" అనేవాడు. "అబ్బే, వల అండి. చేపలకెళ్తన్నాడు" అనేవారాయన, అంతే వినయంగా. అక్క మాకోసం గారెలు వండి పడవలో పంపించేది. మా ఊరివాళ్ళు ఆ పడవని ఒడ్డునే ఆపి, గారెల గిన్నె కింద గునపమేమైనా ఉందేమోనని వెతికాకే గిన్నె మా ఇంటికి చేరనిచ్చేవాళ్ళు. చేరేసరికి గారెలు సగమే ఉండేవి, అది వేరే విషయం.

తొంభైల మధ్యలో, ఎన్నికలు దగ్గరపడ్డాక, వంకర డ్రెయిన్ని తిన్నగా చేస్తారన్న కబురొచ్చింది. నల్లకళ్ళద్దాల ఇంజనీరు గారొకాయన జీపులో దిగి, మా అరుగు మీద కూర్చుని, "వంకర తిరగబట్టేనండీ నీరు మీ ఊరి దగ్గర ఆగిపోతంది. తిన్నగా కోసేస్తే ఆగమన్నా ఆగదు" అన్నారు. వంతెన దగ్గరికెళ్ళాక ఏమవుతుందని మాలో ఎవరూ అడగలేదు. అయినా ఆయనే, "వంతెన రోడ్లవాళ్ళదండి, దాంతో మాకు సంబంధం లేదు" అని చెప్పేసి మజ్జిగ తాగి వెళ్ళిపోయారు. నేనప్పుడు విజయవాడ పటమటలో ఆడపిల్లల హాస్టల్లో ఉండి బీయస్సీ చదువుతున్నాను. సెలవులకి వచ్చి, రబ్బరు గొట్టం ఒకటి తీసుకుని, మెలిపెడితే నీళ్ళెలా నెమ్మదిస్తాయో, తిన్నగా పట్టుకుంటే ఎలా దూకుతాయో ఊరందరికీ చూపించాను. దూకిన నీళ్ళు ఎక్కడ పడతాయన్నది సిలబస్సులో లేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

పొక్లెయిన్లు వచ్చి మెలికల్ని అడ్డంగా కోసి డ్రెయిన్ని స్కేలు పెట్టి గీసినట్టు చేశాయి. మా ఊరి వైపున్న పెద్ద వంపు పూడిపోయి పొలమైంది, నాన్న అందులో నాట్లు కూడా వేయించాడు. (వెనకటికి వరదొస్తే నీళ్ళు ఆ వంపులోకి తిరిగి, కాసేపు అలుపు తీర్చుకుని పోయేవి. ఆ సంగతి మాకు వంపు పోయాక గుర్తొచ్చింది.) తవ్విన మట్టంతా మా గట్టు మీదే పోసి రెండింతలు ఎత్తు చేశారు. అవతలి గట్టు రెండో విడతలో చేస్తామన్నారు. పని పూర్తయిన రోజు నాన్న కొబ్బరికాయ కొట్టి కళ్ళు తుడుచుకున్నాడు. వియ్యంకుణ్ణి పిలవకపోతే బాగుండదు కాబట్టి అక్క మామగారిని కూడా పిలిచి, దండ వేసి, ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన తనమీదకి పెరిగిన ఆ గట్టు వంక తలెత్తి చూస్తూ, కాఫీ తాగుతూ, "మా వైపు కూడా నాలుగు తట్టలు పోయించాల్సిందండి బావగారూ" అన్నారు నెమ్మదిగా. "రెండో విడతలో వచ్చుద్దండి. నేనున్నాగా" అన్నాడు నాన్న. బూరెలు వడ్డిస్తున్న అక్క నాన్నని వంటింట్లోకి పిలిచి నిలదీసింది.

"నాన్నా, ఆ నీళ్ళు ఇటు ఎక్కకపోతే ఎటు పోతాయి?"

"కిందకే అమ్మా. తిన్నగా సముద్రంలోకి పోతాయి."

"మధ్యలో మా ఇల్లుంది గదా."

నాన్న బూరె ఒకటి నోట్లో పెట్టుకున్నాడు.

కొన్నేళ్ళు చిన్నచిన్న వానలతో గడిచిపోయాయి, మా ఇంజనీరు గారి మాట వేదమైంది. ఆ తర్వాత ఒక ఏడు, చేలు ఈనబోతూ పొట్ట మీదుండగా వాయుగుండం పట్టింది. పై ఊళ్ళ వాళ్ళు కూడా మాలాగే వాళ్ళ వంకరలన్నీ తీసేసుకున్నారు. వెనకటి రోజుల్లో ఒక్కో ఊరి నీరు వంపుల్లో ఆగి ఆగి, వంతుల ప్రకారం వచ్చేది. ఈసారి అన్ని ఊళ్ళ నీరూ తిన్నగా, ఒకేసారి, ఆగమన్నా ఆగకుండా వచ్చింది. వచ్చి పాత వంతెనకి కొట్టుకుంది. వంతెన కింద నీరు పోయే ఖానాలు వెనకటివే, ఇరుకువి. వాటిలో పట్టినంత నీరు పోయింది, పట్టని నీరు వెనక్కి ఎగదన్ని డ్రెయిను నిండా లేచింది, తక్కువగా ఉన్న అవతలి గట్టు మీదుగా పొర్లి ఎదుటి ఊళ్ళోకి దిగింది. పొద్దున్నే మా ఊరంతా గట్టెక్కి చూస్తున్నాం. "మన గట్టు నిలబడిందిరా" అన్నాడొకాయన, గర్వంగా. నిజమే, నిలబడింది. అక్క ఇంటి కప్పు కనిపిస్తోంది. అమ్మ ఒక్కతే ఏడుస్తోంది. మిగతావాళ్ళ మొహాల్లో ఏముందో నేను చూశాను, చెప్పడానికి సిగ్గేస్తుంది.

మధ్యాహ్నానికి నీళ్ళు మా వీధుల్లోకీ వచ్చాయి. గట్టు దాటి కాదు, వెనక నుంచి. మా పొలాల మీద పడ్డ వానంతా ఎప్పట్లాగే డ్రెయిన్లోకి పోదామని వచ్చి, ఎత్తయిన గట్టుకి తగిలి ఆగిపోయింది. గట్టు కింద ఒక తూము ఉంది గానీ, డ్రెయిన్లో నీరే పైకుంటే తూము ఏం చేస్తుంది. మా గట్టు చాలా నిజాయితీగా పనిచేసింది. బయటి నీటి చుక్కని లోపలికి రానివ్వలేదు, లోపలి చుక్కని బయటికి పోనివ్వలేదు. గిన్నెలో నానబోసిన పప్పులాగా మేమూ మా చేలూ నానుతూ కూర్చున్నాం.

రెండు ఊళ్ళకీ కలిపి పొడిగా మిగిలిన నేల మా గట్టు ఒక్కటే. ఎదుటి ఊరివాళ్ళు పిల్లల్నీ ముసలివాళ్ళనీ పడవల్లో ఎక్కించుకుని మా గట్టు వైపే వచ్చారు. ఏ పడవలు రాకూడదని ఇన్నేళ్ళూ కాపలా కాశామో అవే పడవలు, పట్టపగలు, వరసగా. మావాళ్ళు కర్రలు పట్టుకుని నిలబడి నాన్న వంక చూశారు. మొదటి పడవలో అక్క, బావ, అక్క అత్తమామలు ఉన్నారు. నాన్న గొడుగు ముడిచాడు. "రండి బావగారూ, రండి. జాగ్రత్త, జారుద్ది" అని చెయ్యి అందించాడు. అమ్మకి ఆ వరదలో కూడా ఒక్కటే బెంగ, వియ్యాలవారొస్తే విస్తరాకులైనా లేవని. తడిసిన పుల్లలు ఊదీ ఊదీ గట్టు మీదే ఉప్మా చేసి పెట్టింది. అక్క అత్తగారు కొంగు పిండుకుని, రెండు ముద్దలు తిని, "జీడిపప్పు వేసుంటే బావుండేది వదినగారూ" అన్నారు. (ఇల్లు మునిగినా వియ్యపురాలు వియ్యపురాలే.)

వాన తెరిపిచ్చింది. డ్రెయిన్లో నీరు కాస్త తీసింది, మా చేలలో మాత్రం ఆ ఒక్క తూముతో కదల్లేదు. ఇంకా ఆగితే పొట్ట మీదున్న పైరు కుళ్ళిపోతుంది. గట్టుకి మేమే గండి కొట్టుకుంటే తప్ప దారి లేదు. నీళ్ళన్నీ చేరింది పూడ్చేసిన పాత వంపు దగ్గరే, కాబట్టి కొట్టాల్సిందీ అక్కడే. దానికి సరిగ్గా ఎదురుగా, పొర్లిపోయిన అవతలి గట్టు పక్కన, అక్క ఇల్లు. మేం వదిలే నీరు డ్రెయిన్ని మళ్ళీ లేపి ఎటు పొర్లుతుందో అందరికీ తెలుసు. అయితే వియ్యంకుడి ముందు ఆ మాట ఎవరనాలి? ఊరి పెద్దలందరూ ఉన్నట్టుండి మబ్బుల గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. అక్క మామగారే లేచి, మా కాపలావాడి పక్కనున్న గునపం అందుకున్నారు.

"ఇన్నేళ్ళూ నేను కొడతాననే గదండి కాపలా కాశారు. ఎటూ కొట్టాల్సినప్పుడు నన్నే కొట్టనియ్యండి బావగారూ."

"మీ ఇల్లండి..." అన్నాడు నాన్న.

"ఇంట్లో ఎటూ నీళ్ళే ఉన్నాయి. మీ చేలన్నా మిగిలితే మాకిన్ని గింజలు పెడతారు."

నవ్వించాలనే అన్నారు. అమ్మ పసుపు కుంకుమ తెచ్చి గునపానికి పెట్టింది. ఆయన నాలుగు పోట్లు పొడిచి గునపం నాన్న చేతికిచ్చారు, నాన్న నాలుగు పొడిచి బావకిచ్చాడు, తర్వాత రెండు ఊళ్ళ మగవాళ్ళూ కలిసి కొట్టారు. జన్మలో అందరూ కలిసి చేసిన పని అదొక్కటే. నీరు విరుచుకుపడి డ్రెయిన్లోకి దూకింది, దాన్ని దాటి అవతలికి పొర్లింది. కాసేపటికి అక్క ఇంటి వెనక గోడ నానిపోయి, వంటింటితో సహా కూర్చుంది. ఆ చప్పుడు మా గట్టు దాకా వినపడింది. అక్క నా పక్కనే ఉంది. ఏడుస్తుందేమోనని చెయ్యి పట్టుకున్నాను. "గట్టు కోసం గదే నన్నిచ్చారు. ఇప్పుడు గట్టూ లేదు, ఇల్లూ లేదు" అంది. నాన్నకి వినపడేలాగే అంది. ఇంతా చేస్తే మా చేలు కూడా దక్కలేదు, ముప్పాతిక వంతు తాలు గింజలే.

అక్క ఆ తర్వాత పుట్టింటికి రావడం మానలేదు గానీ, డ్రెయిను దాటి మా గట్టెక్కి మాత్రం ఎప్పుడూ రాలేదు. వంతెన మీదుగా చుట్టూ తిరిగి బస్సులో వచ్చేది. మా గండి పూడ్చారు, ఇంకాస్త ఎత్తు చేశారు. మళ్ళీ ఎన్నికలొచ్చాక, రెండు వేల సంవత్సరం దాటాక, రెండో విడత కూడా వచ్చింది. అదే ఇంజనీరు గారు, జుట్టుకి రంగేసుకుని వచ్చి, అవతలి గట్టుని మా గట్టుతో సమానంగా లేపారు. ఈసారి కొబ్బరికాయ అక్క మామగారిది, దండా ముందు కుర్చీ నాన్నవి. వంతెన ఖానాలు ఎవరి డిపార్ట్‌మెంటులోనూ పడలేదు, అలాగే ఉన్నాయి. ఇప్పుడు వరదొస్తే నీళ్ళు ఇటూ పోలేక అటూ పోలేక రెండు గట్ల మధ్య నిలువునా పెరుగుతాయి. నన్ను ఊళ్ళోనే మేనత్త కొడుక్కిచ్చారు. నేను హైస్కూల్లో సైన్సు చెబుతూ, మా ఆయన ఆ పాత వంపు పొలమే చేసుకుంటూ, ఇక్కడే ఉన్నాం. రబ్బరు గొట్టం ప్రయోగం మాత్రం పిల్లలకి చూపించను.

మొన్నటి ముసురులో అక్క ఫోన్ చేసింది.

"మీ వైపు ఎంతుందే?"

"గట్టుకి జానెడు తక్కువ. మీకో?"

"మాకూ జానెడే. ఏం చేస్తన్నావు?"

"దేవుడి దగ్గర దీపం పెట్టానక్కా."

"ఏమని మొక్కావు?"

నేను దీపం వంక చూశాను. అక్క నవ్వింది. "చెప్పకులే. నేనూ అదే మొక్కాను. తెగాల్సిన గట్టు మాత్రం మీది."

ఫోన్ పెట్టేసి, నాన్న నల్ల గొడుగు తీసుకుని గట్టెక్కాను. (ప్రెసిడెంటు పదవి ఇప్పుడు మా ఆయనది. ఆయనకి జలుబు చేసింది.) అవతలి గట్టు మీద కూడా ఒక గొడుగుంది, దాని కింద అక్క. ఇద్దరికీ జుట్టు నెరిసింది, ఇద్దరికీ మోకాళ్ళ నొప్పులే. నాన్న కూర్చునే చోటే కూర్చుంటూ, నాలో నేనే నవ్వుకుని, "టిఫినైందా?" అని అరిచాను. "అయింది, నీదో?" అంది అక్క. నీళ్ళు తీసేదాకా ఇద్దరం గట్టు దిగలేదు.