స్వామివారి రెండు వేళ్ళు

మా అవ్వ ఆదివారం పూజకు తప్పకుండా వచ్చేది. పూజలో స్వామివారు పంచే అప్పం, అంటే సత్ప్రసాదం మాత్రం తీసుకునేది కాదు. బత్తలపల్లె దగ్గర మా ఊళ్ళో కతోలికుల ఇళ్ళు తక్కువే కాబట్టి ఎవరు వరుసలోకి పోయారో, ఎవరు పోలేదో అందరికీ తెలిసిపోయేది. జనమంతా లేచి పీఠం దగ్గరికి పోతుంటే ఆమె మోకాళ్ళ మీదే ఉండి జపమాల తిప్పుకునేది. ఏదో పెద్ద పాపం దాచుకుందని కొందరు గుసగుసలాడేవారు. తప్పు తనది కాదని, స్వామివారిదేనని ఆమె అనుమానం.

నా చిన్నతనంలో స్వామివారు మాకు వీపు పెట్టి, గోడకున్న పీఠం వైపు తిరిగి, లతీనులో పూజ చేసేవారు. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అర్థం కావాలని మేమూ అనుకోలేదు. డెబ్భైలు వచ్చేసరికి పైనుంచి వచ్చిన కొత్త పద్ధతి మా గుడిదాకా చేరింది. ముందుకొక బల్ల వేసి స్వామివారు మా వైపు తిరిగారు. పూజ తెలుగులోకి మారింది. కొవ్వొత్తుల పక్కన నూనెదీపం, తర్వాత హారతి వచ్చాయి. సత్ప్రసాదానికి జనం మోకరించే చెక్క కమ్మీని పీకి, జపాలు నేర్పే ఉపదేశి ఇంటి వెనక పడేస్తే మేకలు దానికి ఒళ్ళు రుద్దుకునేవి. చివరికి సత్ప్రసాదాన్ని నాలుక మీద కాక చేతిలో పెట్టడం మొదలైంది.

"ఆయప్ప మన పక్క తిరిగి నిలబడితే, దేవుని పక్క ఎవరు నిలబడాల?" అనేది అవ్వ.

అన్నిటికంటే పెద్ద పట్టింపు వేళ్ళది. పాత పూజలో అప్పం క్రీస్తు శరీరమైన క్షణం నుంచి, వేళ్ళు కడుక్కునేదాకా, స్వామివారు బొటనవేలినీ చూపుడువేలినీ కలిపే ఉంచాలి. పుస్తకంలో పేజీ తిప్పినా, పాత్ర పట్టుకున్నా మిగిలిన వేళ్ళతోనే. దేవుణ్ణి తాకిన వేళ్ళు ఇంక దేన్నీ తాకకూడదు, వాటికంటిన పొడి కూడా నేల రాలకూడదు. అవ్వ చిన్నతనంలో ఒక తెల్లస్వామి ఈ సంగతి చెప్పాడట. మా గుడికి కొత్తగా వచ్చిన కుర్రస్వామి ఆ వేళ్ళతోనే మైకు సర్దుకున్నాడు. అవ్వ కళ్ళారా చూసింది. ఆనాటి నుంచే వరుసలోకి పోవడం మానేసింది.

తాత చివరి ఘడియల్లో మాత్రం ఆమే ఆ కుర్రస్వామిని పిలిపించింది. వేరే గతి లేదు. ఆయన తాత నొసట నూనె రాసి, చావుకు ముందు చేసే అవస్థాభ్యంగనం తెలుగులో పూర్తిచేశాడు. ఆ తర్వాత అవ్వ ఎన్నడూ ఆ అభ్యంగనం మాట ఎత్తలేదు.

ఎనభైల మొదట్లో, నేను ధర్మవరంలో ఒక దినపత్రికకు విలేకరిగా ఉన్నప్పుడు, మా చిన్నాయన ఒక కబురు తెచ్చాడు. బెంగుళూరు వైపు నుంచి ఒక ముసలి స్వామి వచ్చి ముదిగుబ్బలో శనక్కాయల గోడౌనులో పూజ చేయబోతున్నాడు.

"అచ్చం పాత పూజేనమ్మా. లతీనే. మోకాళ్ళ మీదుంటే నాలిక మీదనే పెడతాడంట."

"గుడి లేదా ఆయప్పకు? గోడౌను ఏంటికి?" అంది అవ్వ.

"గుడిలోకి రానీరు గదమ్మా."

"రానీరంటే ఏం చేసినాడో."

ఆ ఆదివారమే మా గుడిలో, స్వాములందరికీ పైవాడైన బిషప్పు, మేత్రాణులవారి హెచ్చరిక వినిపించారు. ఆ ముసలాయనకు ఈ ప్రాంతంలో పూజ చేసే అనుమతి లేదు, విశ్వాసులెవరూ పోకూడదు. నాకూ ఆయన మీద నమ్మకం లేదు. ముదిగుబ్బ టీకొట్లో వాకబు చేస్తే ఆయన వచ్చే జీపెవరిదో, ఆయన్ని ఎవరు పంపారో చెప్పినవాళ్ళు లేరు. అదే అవ్వకు చెప్పాను.

"కమ్మీ పీకమన్నది ఎవరు?" అని అడిగింది.

"మేత్రాణులేనవ్వా."

"ఆడికి పోవద్దనేదీ ఆయప్పే గదా. నన్ను పిల్చుకోని పో. సచ్చేలోపల ఒక్కతూరి సరైన చేత్తో సత్ప్రసాదం తీసుకోవాల. నువ్వు పేపరోనివి, పక్కన కూచోని ఆయప్ప వేళ్ళు చూడు. కండ్లు ఆర్పొద్దు."

వీపు పెట్టి చేసే పూజలో వెనకున్నవాళ్ళకు వేళ్ళు కనిపించవు. అందుకే నేను కావలసివచ్చాను.

గోడౌనులో మూటలను ఒక పక్కకు నెట్టి పీఠం కట్టారు. శనక్కాయ దుమ్ముకు అందరూ దగ్గుతున్నారు. నేను పక్కగా ఒక మూట మీద కూర్చున్నాను. ముసలి స్వామి మనిషి సన్నగా, మాట మెత్తగా ఉన్నాడు. ప్రసంగం మాత్రం పుస్తకం తెలుగులో ఇచ్చాడు. కొత్త పద్ధతిలో జరిగిన పూజలూ, స్వామి చెవిలో పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనాలూ, అభ్యంగనాలూ అన్నీ సందేహాస్పదమేనని చెప్పాడు. అవ్వ చేతిలో జపమాల ఆగిపోయింది.

తర్వాత పూజ సాగింది. ఆయన వేళ్ళు విడిపోతాయేమోనని కాచుకుని కూర్చున్నాను. ముక్కు మీద ఈగ వాలితే తల విదిలించాడే గానీ చెయ్యి ఎత్తలేదు. పేజీలు చిటికెన వేలితో తిప్పాడు. అవ్వ వైపు చూసి, సరిగ్గానే ఉందని తల ఊపాను. నేలమీద పరిచిన గోనెపట్టాల మీద అందరూ వరుసగా మోకరించారు. చిన్నాయన వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. అవ్వ కదల్లేదు.

పూజ అయ్యాక ముసలి స్వామి వస్త్రాలు మడుచుకుంటుంటే అవ్వ ఆయన దగ్గరికి పోయింది.

"స్వామీ, మా ఇంటాయప్పకు కుర్రస్వామి తెలుగులో నూనె రాసినాడు. చెల్లిందా, లేదా?"

ఆయన మడుస్తున్న వస్త్రాన్ని పక్కన పెట్టాడు. "సందేహమమ్మా. నేను అబద్ధం చెప్పలేను."

"మళ్ళా చేసేకి అవుతుందా?"

"చనిపోయినవారికి కాదు. ప్రార్థిద్దాం. మీరు మోకరించండి, సత్ప్రసాదం ఇస్తాను."

"నూనె రాసేటప్పుడు ఆయప్ప ప్రతి మాటకూ తల ఊపినాడు స్వామీ. తెలుగు గదా, తెలిసింది. అదంతా ఉత్తదేనా?"

ఆయన ఆ వస్త్రాన్నే మళ్ళీ మడవసాగాడు.

"వేళ్ళు బాగానే పట్టుకున్నారు" అంది అవ్వ. "మీ చేత్తో నేను తీసుకుంటే, మా ఆయప్పకు ఏమీ అందలేదని నేనే ఒప్పుకున్నట్లయితుంది." దండం పెట్టి బయటికి నడిచింది.

చిన్నాయన మా వెంట పరుగెత్తుకొచ్చాడు. "ఏందమ్మా, ఇంత దూరమొచ్చి! తిక్కనా నీకు?"

"గమ్మునుండు" అంది. అప్పుడే వచ్చిన బస్సెక్కింది.

మరుసటి ఆదివారం కుర్రస్వామి గుడి మెట్ల దగ్గరే ఆమెను ఆపాడు. ఎవరు చేరవేశారో, కబురు అప్పటికే అందింది.

"ముదిగుబ్బకు పోయినావంట గదా అవ్వా?"

"పోయినా స్వామీ."

"సత్ప్రసాదం తీసుకున్నావా?"

"లేదు. అనుమానమొచ్చింది."

"ఎవరి మీద?"

"అందరి మీదా."

ఆయన నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. ముందు పాపసంకీర్తనం చేయమన్నాడు. ఆమె చాలాసేపు చేసింది. పూజలో వరుస కదిలినప్పుడు లేచింది. కమ్మీ ఒకప్పుడు ఉన్న చోట, వట్టి బండల మీద మోకరించి నోరు తెరిచింది. కళ్ళు మూసుకోలేదు. వెనకనున్నవాళ్ళు ఆగిపోయారు. కుర్రస్వామీ ఒక క్షణం ఆగి, ఆమె నాలుక మీదే పెట్టాడు. వేళ్ళు కడుక్కునేదాకా ఆయన ఆ రెండు వేళ్ళూ విడదీయలేదు. మైకు పక్కకు ఒరిగినా మణికట్టుతో నెట్టాడు.

బయటికొచ్చాక అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"ఆయప్పకు నువ్వే చెప్పినావు గదా, వేళ్ళ సంగతి?"

"నేను చెప్పలేదవ్వా."

"పేపరోళ్ళ మాట ఎవరు నమ్ముతారురా!"

నిజంగానే చెప్పలేదు. ఆయనది స్వాములను తయారుచేసే సెమినరీలో నేర్చిన పాత అలవాటో, పాపసంకీర్తనంలో ఆమే నోరు జారిందో నాకు నేటికీ తెలియదు. ఆ తర్వాతి వారం నుంచి అవ్వ వెనక గోడ దగ్గర కూర్చోవడం మానేసింది. అందరికంటే ముందు, బల్లకు సరిగ్గా ఎదురుగా కూర్చునేది. కుర్రస్వామి మా వైపు తిరిగే పూజ చేస్తాడు కాబట్టి అక్కడికి ఆయన రెండు చేతులూ బాగా కనిపిస్తాయి.