కరపత్రంలో లేని వదిన

పోయిన యేడు నవంబరు ఇరవై నాలుగో తారీకు, ఆదివారం, పొద్దున పది గంటల నలభై నిమిషాలకు మా వదిన వచ్చి నా గుమ్మం ముందు నిలబడింది. ఆమె ఆ గుమ్మం దిగిపోయి అప్పటికి యాభై ఏళ్ల ఎనిమిది నెలలు. నేను బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. చాట పక్కన పెట్టి లేచాను.

"ఏం పిల్లా, లోపలికి రమ్మనవా?" అంది.

అరవై ఎనిమిదేళ్ల నన్ను పిల్లా అనేవాళ్లు ఈ భూమ్మీద ఇంకెవరూ లేరు.

వదిన అంటే మా అన్న భార్య. మా అన్న జవాను. డెబ్బై ఒకటి డిసెంబరు యుద్ధంలో పోయాడు. శవం రాలేదు; అన్న సామానుతో నల్ల ఇనుప పెట్టె ఒకటి వచ్చింది. అప్పుడు నాకు పదిహేనేళ్లు, వదినకు పద్దెనిమిది. ఆ తర్వాత రెండేళ్ల మూడు నెలలు ఆమె మా ఇంట్లోనే ఉంది. అప్పుడు వాళ్లన్న వచ్చి తీసుకుపోయాడు. మరుసటి యేడు అల్వాల్‌లో రైల్వే పని చేసే ఒకాయనకు, భార్య చనిపోయి ఇద్దరు పిల్లలున్న మనిషికి, ఇచ్చి చేశారు. కబురు తెలిసిన రోజు మా అమ్మ, "ఇగ ఆమె ముచ్చట ఈ ఇంట్ల తీయొద్దు" అంది. మేము తీయలేదు. అల్వాల్ మాకు ఒక్క బస్సు దూరం.

మంచినీళ్లు ఇచ్చాను. తాగింది గాని కూర్చోలేదు. సంచిలోంచి ఫోన్ తీసి నా ముందు పెట్టింది. వాళ్ల మనుమరాలు చూపించిందట. మా ఊళ్లో అంతకుముందు డిసెంబరులో జరిగిన సభ వీడియో. మైకులో గొంతు ఖంగున వినిపిస్తోంది: "పెండ్లి కూడా కాని ఇరవై మూడేళ్ల యువకుడు, దేశమాతనే పెండ్లాడినాడు." దాని వెనక చప్పట్లు.

"పెండ్లి గాలేదా పిల్లా, మీ అన్నకు?"

నేను చాటలోకి చూస్తూ నిలబడ్డాను.

"నా ఉత్తరాలు రాసింది నువ్వే గద. యాదికి లేదా?"

ఎందుకు లేదు. ఆమెకు చదువు రాదు. ఆమె చెబుతుంటే మా అన్నకు తొమ్మిది ఉత్తరాలు నా చేత్తోనే రాశాను. కొన్ని మాటలకు ఆమె సిగ్గుపడి ఆగిపోయేది. అవి నేనే ఊహించి రాసి చదివి వినిపిస్తే నెత్తి మీద ఒకటి మొట్టేది.

"నన్ను పిలువకు" అంది వదిన. "శాలువా వద్దు, కుర్చీ వద్దు. గా మాట ఒక్కటి తీసేయించు. నేను ఉన్న. గంతే."

పదకొండున్నర బస్సుకు వెళ్లిపోయింది. మిగిలిన రాళ్లు ఆ రోజు ఏరలేదు.

ఆ సభ సంగతి చెప్పాలి. మా ఊరు శామీర్‌పేట దాటి తుర్కపల్లికి పోయే దారిలో ఉంటుంది. బస్టాపు పక్కన మా అన్న పేరుతో రాయి నిలబెట్టి ఇరవై ఐదేళ్లు. ఏటా డిసెంబరు పదహారున దాని ముందు టెంటు వేస్తారు. బడి పిల్లలు జెండాలు పట్టుకుని వస్తారు. అల్వాల్ నుంచి రిటైరైన జవాన్లు ఐదారుగురు మెడల్స్ పెట్టుకుని వస్తారు. పక్క ఊళ్లలో కొడుకుల్ని పోగొట్టుకున్న తల్లులను కూడా పిలుస్తారు. ఇద్దరో ముగ్గురో వచ్చి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చుంటారు. రెండు నిమిషాల మౌనం అంటారు. నేను వాచీ చూస్తాను. ఎన్నడూ యాభై సెకన్లు దాటలేదు. ఆ యాభై సెకన్లు కూడా తుర్కపల్లి మందుల ల్యాబులకు పోయే క్యాబులు హారన్ కొట్టుకుంటూ పోతూనే ఉంటాయి. తర్వాత కరపత్రం చదువుతారు.

మొదటి యేడు ఆ కరపత్రం రాసేటప్పుడు యువజన సంఘం వాళ్లు మా అమ్మను అడిగారు. "పెండ్లి గాలే నా కొడుకుకు" అంది అమ్మ. నేను టీ గ్లాసులు పట్టుకుని పక్కనే ఉన్నాను. ఏమీ అనలేదు. పదకొండు సభలు అమ్మ ముందు కుర్చీలో కూర్చుంది. ఆమె పోయాక పద్నాలుగు సభలు నేను కూర్చున్నాను. ఆ వాక్యం దగ్గర ఆడవాళ్లు కొంగుతో కళ్లు తుడుచుకునేవాళ్లు. వాళ్లను చూసి నేనూ తుడుచుకునేదాన్ని.

నేను ముప్పై ఆరేళ్లు ఏఎన్‌ఎంగా పని చేశాను. ఈ చుట్టుపక్కల పుట్టిన పిల్లల తారీకులు, గంటలు నా చేతిరాతలో ఉన్నాయి. ఒకసారి ఒక పాప పుట్టిన గంట తప్పు పడిందని దారిలో గుర్తొచ్చి, మూడు కిలోమీటర్లు వెనక్కి నడిచి దిద్దాను. మా ఇంటి తప్పు దగ్గరికి మాత్రం నడవలేదు. మొదట అమ్మ భయం. అమ్మ పోయాక సిగ్గు. కొన్నేళ్లకు సిగ్గు కూడా పోయి అలవాటైంది.

మరునాడు సంఘం అధ్యక్షుడి ఆఫీసుకు పోయాను. పేరుకు యువజన సంఘం. ఆయనకు నలభై నాలుగు. ప్లాట్ల వ్యాపారం చేస్తాడు. పుట్టింది నా చేతుల మీదే కాబట్టి నా దగ్గర కొంచెం తగ్గి మాట్లాడతాడు.

"పెద్దమ్మా, గా మాట మీదనే గద మంది ఏడ్చేది" అన్నాడు.

"మందిని ఏడిపిచ్చెతందుకు మా అన్నను బ్రహ్మచారిని జేస్తవా?"

"నేను జేసిన్నా? మీ అమ్మ చెప్పింది, మావోళ్లు రాసిండ్రు. నువ్వు గూడ ఆడనే ఉన్నవట."

ఆయన గొంతు తగ్గించాడు. "అయినా, ఆమె మల్ల పెండ్లి చేసుకున్నది గద."

"చేసుకున్నది. గంత మాత్రాన ముందుగాల జరిగింది జరగకుంట పోతదా?"

"ఇప్పుడు మారిస్తే ఇరవై ఐదేండ్ల సంది అబద్ధం సదివినట్టు గాదా?"

"అవును. సదివినరు గద."

నవ్వాడు. "ఇంకా సూది గుచ్చుడు మానలేదు నువ్వు." చివరికి ఒక మాటకు వచ్చాడు. పెండ్లి అయిందని రాయరు, కాలేదనీ రాయరు. ఆ వాక్యం ఎత్తేస్తారు. గంతే, ఇంక పరేషాన్ కావద్దు అన్నాడు.

ఇంటికి వచ్చి, వదిన ఇచ్చిపోయిన నంబరుకు ఫోన్ చేశాను. "తీసేస్తరట, వదినా."

"మంచిది" అంది. ఆమె అడిగింది అదే. నేను తెచ్చింది అదే. ఫోన్ పెట్టాక మాత్రం నా కాలు ఒక చోట నిలవలేదు. వాకిట్లోకి పోయాను, వెనక్కి వచ్చాను, ఆరిన బట్టలనే మళ్లీ దులిపి ఆరేశాను. రిజిస్టరులో తప్పు పడితే చెరిపెయ్యకూడదు. దాని మీద ఒక గీత గీసి, పక్కన సరైనది రాసి, సంతకం పెట్టాలి. చెరిపేస్తే తప్పు జరిగిందనీ తెలియదు, ఒప్పు ఏమిటో కూడా తెలియదు. అధ్యక్షుడు చెరిపేస్తానన్నాడు. నేను సరే అని వచ్చాను.

రెండు వారాలు అట్లాగే తిరిగాను. డిసెంబరు ఎనిమిది ఆదివారం అల్వాల్ బస్సెక్కాను. తూంకుంట, హకీంపేట, బొల్లారం. ప్రతి స్టాపు దగ్గర దిగి వెనక్కి పోదామనిపించింది.

వదిన మంచం మీద కూర్చుని ఎల్లిగడ్డలు ఒలుస్తోంది. రెండో ఆయన పోయి నాలుగేళ్లయిందట. కోడలు టీ ఇచ్చి, మేము మాట్లాడుకోవాలని తలుపు దగ్గరగా వేసి వెళ్లింది. సభలో చదవాలని నేను రాసుకున్న కాగితం తీసి చదివాను. డెబ్బై మే నెలలో పెండ్లి. పెండ్లయ్యాక అన్న ఇంట్లో ఉన్నది పద్దెనిమిది దినాలు. మరుసటి మార్చిలో సెలవు మీద వచ్చి ఉన్నది ఇరవై మూడు. మొత్తం నలభై ఒకటి.

"నలభై" అంది వదిన, తల ఎత్తకుండా.

"నేను నోటుబుక్కు వెనక గీతలు పెట్టుకున్న, వదినా."

"పెట్టుకుంటే పెట్టుకున్నవ్. ఆఖరి దినం తెల్లారకముందే లారీ ఎక్కి బొల్లారం పోయిండు. నువ్వు పండుకున్నవ్. అది నీ లెక్కల ఉన్నది గని నాకు దక్కలే."

నలభై ఒకటి మీద గీత గీసి నలభై రాసి, పక్కన సంతకం పెట్టాను. అది చూసి ఆమెకు నవ్వొచ్చింది. "గిదేంది, ఆఫీసా?"

సభకు రమ్మని మూడుసార్లు అడిగాను. "నేనొస్తే ఊరోళ్లు నన్ను జూస్తరు, రాయిని జూడరు" అంది. చివరికి ఫోన్‌లో వింటానంది.

పదహారు సోమవారం. పది గంటలకు సభ అన్నారు. ముఖ్య అతిథి రాలేదు. పది యాభై రెండుకు వదినకు ఫోన్ కలిపి, ఫోన్ ఒళ్లో పెట్టుకున్నాను. ముందు వరుసలో నా కుర్చీ. మౌనం నలభై ఐదు సెకన్లు. పదకొండూ నాలుగుకు బడి సారు కరపత్రం చదవడానికి లేచాడు. కొత్త కరపత్రంలో ఆ వాక్యం లేదు. నేను రెండుసార్లు చూశాను. కానీ సారు పన్నెండేళ్లుగా చదువుతున్నాడు. కాగితం వైపు చూడనే లేదు. అలవాటైన గొంతుతో, అలవాటైన చోట ఆగి, "పెండ్లి కూడా కాని ఇరవై మూడేళ్ల యువకుడు" అన్నాడు.

అధ్యక్షుడు నా వైపు చూసి నాలుక కరుచుకున్నాడు. ఫోన్ నా ఒళ్లో ఉంది.

దాన్ని చేతిలో పట్టుకునే లేచి పోయి, "మైకు ఇయ్యి సారూ" అన్నాను.

"మీరు మాట్లాడేది సన్మానం తర్వాతమ్మా."

"తర్వాత గాదు."

కాగితం చదివాను. మా అన్నకు పెండ్లి అయింది. భార్య ఉంది, ఇప్పటికీ ఉంది. వాళ్లు నలభై దినాలు కలిసి ఉన్నారు. ఈ రాయి దగ్గర ఇన్నేళ్లు చదివింది తప్పు, ఆ తప్పు తెలిసి కూడా నేను దిద్దలేదు. అంతే రాసుకున్నాను.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఎంతసేపో వాచీ చూడలేదు. వెనక నుంచి ఒక ముసలాయన లేచి, "నేను పోయిన గా పెండ్లికి. ఎడ్లబండి మీద పోయినం. మస్తు వాన, పప్పుల నీళ్లు వడ్డయి" అన్నాడు. కొందరు నవ్వారు. నా పక్కన కూర్చున్న ఒక తల్లి, ఆమె కొడుకు కూడా సరిహద్దులో పోయినవాడే, "ఎందుకు దాచినవక్కా?" అంది. చెప్పబోయేలోపే అతిథి కారు వచ్చింది. అందరూ దండల కోసం లేచారు.

ఫోన్ చూశాను. కట్ అయింది. పదమూడు నిమిషాల ఇరవై సెకన్లు మాట్లాడినట్టు చూపిస్తోంది. అంటే పదకొండూ అయిదుకు కట్ అయింది. సారు చదివింది పదకొండూ నాలుగుకు. నేను మైకు తీసుకున్నది ఎప్పుడు? ఎన్ని విధాల లెక్క వేసినా తేలలేదు. మూడుసార్లు చేశాను, స్విచాఫ్. పులిహోర పొట్లం చేతిలో పెడుతుంటే వద్దని అల్వాల్ బస్సెక్కాను.

హకీంపేట దాటాక ఫోన్ మోగింది.

"ఛార్జింగ్ అయిపోయింది పిల్లా. గా సారు పాత మాటనే సదివిండు. దాని తర్వాత ఇనరాలే."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. బస్సు కిక్కిరిసి ఉంది. ఒక చేత్తో కడ్డీ, ఒక చేత్తో ఫోన్. కాగితం మడత విప్పే వీలు లేదు. చూడకుండానే చెప్పాను, మొదటి నుంచి చివరి దాకా, ఇంజను మోతకు పైగా వినిపించేంత గట్టిగా. ముందు సీటు అమ్మాయి చెవుల్లోంచి వైర్లు తీసి వెనక్కి చూసింది. కండక్టరు టికెట్లు కొట్టడం ఆపాడు.

"నలభై అన్నవా?"

"నలభై."

"మందిల అన్నవా?"

"మందిలనే అన్న. మైకుల."

"ఊ" అంది. "మల్ల యేడు?"

"మల్లేడు గూడ సదువుత."

"నువ్వు లేకుంటే?"

బస్సులో దానికి జవాబు చెప్పలేకపోయాను. అందుకని ఇది రాసి పెడుతున్నాను. సంఘానికి ఒక ప్రతి, బడికి ఒకటి, అల్వాల్‌కు ఒకటి. అల్వాల్ ప్రతి నేనే పోయి చదివి వినిపించాలి.

పోయినవి ఇవి. మా అమ్మానాయినలకు ఒక కొడుకు, వయసు ఇరవై మూడేళ్ల ఏడు నెలలు. నాకు ఒక అన్న. మా వదినకు భర్త. కలిసి ఉన్నది నలభై దినాలు. నేను రాసిన ఉత్తరాలు తొమ్మిది. పెట్టెలో తిరిగి వచ్చినవి ఆరు. ఆ ఆరూ అమ్మ పొయ్యిలో వేసింది. వదిన లేదని చెప్పుకున్న సభలు ఇరవై ఆరు. అందులో నేను కుర్చీలో కూర్చుని విన్నవి పదిహేను.