బొగ్గుబస్సు రేడియేటరు మూత

మొన్న ఉదయం నా మనవరాలు కారు ముందుభాగం తెరిచి, దీపం వెనక ఇరుకులో దాగిన చిన్న తొట్టెలోకి కూలెంటు పోయడానికి చెయ్యి వంకరలు తిప్పుతుంటే, ఆ పచ్చని ద్రవపు తీపి వాసనా వేడి ఇనుము వాసనా కలిసి నా ముక్కుకు సోకాయి. ఇంజను చల్లారిందో లేదో చూడమని నేను పదేపదే చెబుతుంటే ఆమె నవ్వింది. నేను మాత్రం రెండడుగులు వెనక్కి జరిగాను.

రెండో ప్రపంచ యుద్ధం నాటి రోజుల్లో పెట్రోలు దొరకక బస్సులు బొగ్గుతో నడిచేవి. మా నాయన తిరుపతి నుంచి పీలేరుకు నడిపే బస్సుకు వెనకవైపు బొగ్గు మండే పెద్ద తొట్టి ఉండేది. అక్కడ పుట్టిన వాయువును ఇంజనుకు చేర్చే గొట్టం సరిగ్గా రేడియేటరు మూత మీదుగా పోయేది. నీళ్ళు పోయాలంటే ఆ గొట్టం కింద చెయ్యి దూర్చి, ముఖాన్ని దాదాపు మూతకు ఆనించి, తడుముకుంటూ తిప్పవలసిందే. అలా తిప్పుతుండగానే మరిగే నీళ్ళు ఎగజిమ్మి మా చిన్నాయనకు, అంటే నాయన తమ్ముడికి, ఒక కన్ను పోయింది. రాగిసంకటి ముందు కూర్చుని, ఎడమవైపు పెట్టిన నీళ్ళచెంబు కనబడక ఆయన మోచేత్తో పడగొట్టినప్పుడల్లా నాయనే లేచి మళ్ళీ నింపి తెచ్చేవాడు.

వేసవి సెలవుల్లో ఒక ఆదివారం నేను నాయన బస్సులో అమ్మమ్మ ఊరికి బయలుదేరాను. బస్సు నిండా ఒక నిశ్చితార్థపు బలగం. మల్లెపూలు, తమలపాకులు, చెమట, బొగ్గుపొగ అన్నీ ఒకే వాసనగా కలిసిపోయాయి. భాకరాపేట కనుమ ఎక్కుతుండగా ముందునుంచి ఆవిరి బుసకొట్టింది. నాయన బస్సు ఆపి, చక్రాలకు రాళ్ళు అడ్డుపెట్టి, చల్లారేదాకా కదలదన్నాడు.

పెళ్ళికొడుకు మేనమామ ఎగిరిపడ్డాడు. "ఏందబ్బా, నీళ్ళు పోసేదానికి ముహూర్తం సూస్తావా? నాలుగున్నరకు రాహుకాలం. ఆ లోపల పెండ్లికూతురోళ్ళ ఇంట్లో కాలు పెట్టాల!"

"మూత ముట్టుకుంటే సెయ్యి ఊడొస్తాదన్నా. రవ్వంత ఓపిక పట్టండి."

"డ్రైవరువా, గాజులు తొడుక్కున్నోనివా? మీ ఓనరు నాకు బాగా కావలసినోడు. రేపు ఈ బస్సు ఎవురు తోల్తారో సూస్తా!"

నాయన గోనెపట్టాను నీళ్ళలో ముంచి చేతికి చుట్టుకుని గొట్టం కిందికి వంగాడు. ఆయన బుగ్గ ఆ సెగకు ఎర్రబడడం నేను చూశాను. లోపల నీళ్ళు కుతకుతలాడుతున్నాయి. నేను గట్టిగా అరిచాను.

"వద్దు నాయనా! సిన్నాయన కన్ను గూడా ఇట్లే పొయ్యింది!"

కిటికీ పక్కన కూర్చున్న పెళ్ళికొడుకు అవ్వ తల బయటికి పెట్టింది. "ఒరే, ఆ సెయ్యి తియ్యి నాయనా," అని, తన తమ్ముడి కొడుకును పిలిచి తాంబూలం తట్ట చేతికిచ్చింది. "అడ్డదోవన కొండెక్కిపో, ఆళ్ళ ఊరు కనుమ దాటంగానే. రాహుకాలం రాకముందే ఇది ఆళ్ళ గడప దాటితే మనం పొయ్యినట్టే. ప్రస్థానం అని, మనిషికి ముందు మూట పంపి, మా కాలంలో ఇట్లే సేస్తా వుంటిమి."

"అది ఇల్లు వదిలి బయలుదేరేటప్పుడు గదా అత్తా," అన్నాడు మేనమామ.

"మంచిపనికి పోతా ఇంకొకని కండ్లు కాలిస్తే, అది ఏ కాలంరా?"

అతను తట్ట తీసుకుని కొండదోవ పట్టాడు. ఆ తరువాత నీడలు రోడ్డుకు అడ్డంగా సాగేదాకా అందరం కాచుకున్నాం. అయినా నాయన మూత వదులు చేసినప్పుడు అది బుస్సుమంది. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను. వంపు గరాటాలో నీళ్ళు గుటగుటమని దిగుతున్న చప్పుడు విన్న తరువాతే తెరిచాను. నాయన ముఖం చెమటతో తడిసి ఉంది, అంతే.

బొగ్గుబస్సులు యుద్ధంతోపాటే పోయాయి. కనుమ రోడ్డును వెడల్పు చేశాక మేము ఆగిన మలుపు ఏదో ఇప్పుడు గుర్తుపట్టలేను. తాంబూలాన్ని ముందు నడిపించే అవ్వలూ లేరు.

ఆ పెళ్ళికొడుకు మేనమామ అన్నంత పనీ చేశాడు. ఆ వారంలోనే నాయన ఉద్యోగం పోయింది. తరువాత ఆయన ఎద్దులబండి తోలి మమ్మల్ని పెంచాడు. చివరిదాకా రెండు కళ్ళతోనూ చూశాడు.